పాత పెట్టెలో దొరికిన యుద్ధ పతకం: ఆ సైనికుడి జాడ తీయడం ఎలా?

"ఇది మా తాతగారి మెడల్. ఏ యుద్ధంలో ఇచ్చారు? ఆయన ఎక్కడ పనిచేశారు?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. దాదాపు అందరూ పంపేది ఒకటే ఫోటో, రాజుగారి బొమ్మ ఉన్న వైపుది. ఆ బొమ్మ లక్షల మెడల్స్ మీద ఒకేలా ఉంటుంది. మీ తాతగారి గురించి చెప్పేది మెడల్ అంచు. రూపాయి బిళ్ల అంచులాంటి ఆ సన్నటి పట్టీ మీద చుట్టూతా చిన్న అక్షరాల్లో ఆయన నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి. ముందు ఆ ఫోటో తీయండి. మిగతా పనంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ వ్యాసం క్యాంపెయిన్ మెడల్స్ గురించి, అంటే ఫలానా యుద్ధంలో, ఫలానా ప్రాంతంలో పనిచేసినవాళ్లందరికీ ఇచ్చిన పతకాల గురించి. పరమవీర చక్ర, వీర చక్ర లాంటి శౌర్య పతకాల దారి వేరు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, హైదరాబాద్ సంస్థానం నుంచి సైన్యంలోకి వెళ్లిన తెలుగువాళ్ల కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి 1971 దాకా వచ్చిన మెడల్స్‌కి పద్ధతి ఒకటే.

1. చేతికి రాగానే ఏం చేయకూడదు?

తోమకండి. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే. నల్లబడిన వెండి చూడగానే చింతపండు, పీతాంబరి, విబూది వైపు చెయ్యి వెళ్తుంది. ఒక్కసారి గట్టిగా తోమినా అంచు మీద అక్షరాల లోతు తగ్గుతుంది. ఏటా పండక్కి తోముతూ వచ్చిన మెడల్స్‌లో పేరు పూర్తిగా అరిగిపోయి, మొదటి రెండు అంకెలు మాత్రమే మిగిలినవి ఉంటాయి. ఆ నలుపు వెండికి హాని చేయదు. ఆ అక్షరాలు పోతే మాత్రం మళ్లీ రావు.

కంసాలి దగ్గరికి తీసుకెళ్లి "ఇది వెండేనా?" అని గీటురాయి మీద గీయించకండి. ఏ లోహమో మెడల్‌ని గుర్తుపడితే చాలు, తెలిసిపోతుంది. పాత రిబ్బన్ చిరిగిందని పారేయకండి, ఉతకకండి. దాని రంగుల వరుసే ఒక్కోసారి మెడల్‌ని గుర్తుపట్టడానికి మొదటి ఆధారం. నాలుగైదు మెడల్స్ ఒకే పిన్నుకి ఉంటే విడదీయకండి, ఆ వరుసకీ అర్థం ఉంటుంది.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- మెత్తటి నూలు గుడ్డ, బల్ల మీద పరవడానికి
- భూతద్దం (పది రెట్లు పెద్దగా చూపించేదైతే మంచిది)
- టార్చి లేదా టేబుల్ లైటు
- మంచి కెమెరా ఉన్న ఫోను
- మిల్లీమీటర్ల స్కేలు
- ఒక నోటుపుస్తకం. కనిపించినవన్నీ ఇందులో కనిపించినట్టే రాయాలి

2. అంచు చదవడం

తొందరపడితే మొత్తం దారి తప్పేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చేయండి.

గదిలో పెద్ద లైటు ఆర్పేయండి. టార్చిని మెడల్‌కి ఎదురుగా కాకుండా పక్క నుంచి, బాగా కిందికి వాలేలా పట్టుకోండి. ఏటవాలుగా పడే వెలుతురులో గుంటలుగా ఉన్న అక్షరాలకి నీడ వస్తుంది. ఎదురు వెలుతురులో కనిపించని అక్షరం కూడా ఇలా బయటపడుతుంది.

మెడల్‌ని గుడ్డ మీద నిలబెట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోటోలు తీయండి. ఒక ఫోటోలోని చివరి రెండు అక్షరాలు తర్వాతి ఫోటోలోనూ పడాలి. అప్పుడే మధ్యలో ఏదీ జారిపోదు. రిబ్బన్ తగిలించే కొక్కెం అంచుని పట్టుకునే చోట ఒకటి రెండు అక్షరాలు దాక్కుంటాయి. అక్కడ విడిగా ఫోటో తీయండి. అవి చూడాలని కొక్కేన్ని మాత్రం కదపకండి.

అంచు ఖాళీగా ఉందా? కంగారు అక్కర్లేదు. నక్షత్రం ఆకారంలో ఉన్న మెడల్స్‌కి పేరు వెనకవైపు చదునైన భాగం మీద ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధపు స్టార్లను బ్రిటన్ తన సైనికులకు పేరు లేకుండానే ఇచ్చింది. భారత సైనికులకు ఇచ్చినవాటి మీద పేర్లు వేయడం మాత్రం ఉంది. కాబట్టి మన ఇళ్లలో దొరికే బర్మా స్టార్‌ని వెనక్కి తిప్పి చూడటం మర్చిపోవద్దు.

నోటుపుస్తకంలో రాసేటప్పుడు ఒకటే నియమం: ఉన్నది ఉన్నట్టు రాయండి. చుక్క ఉంటే చుక్క, గీత ఉంటే గీత. చదవలేని అక్షరం దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి. "మా తాత పేరు అప్పలస్వామి కాబట్టి ఇది అదే అయ్యుంటుంది" అని పూరించకండి. 3కీ 8కీ, 1కీ 7కీ మధ్య అనుమానం ఉంటే రెండూ రాసిపెట్టండి.

3. ఆ ఒక్క లైన్‌ని విడదీయడం

అంచు మీద ఇలా ఉందనుకుందాం (అసలు మెడల్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది):

1342 ఎస్.పి.ఆర్. అప్పలసామి, 2 క్యూ.వి.ఓ. ఎస్. & ఎం.

ఇందులో నాలుగు ముక్కలున్నాయి.

నంబరు. 1342. ఇది దేశం మొత్తానికి ఒక్కడిదే అయిన నంబరు కాదు, ఆ దళంలో అతని నంబరు. వేరే రెజిమెంట్‌లో మరో 1342 ఉంటాడు. అందుకే నంబరునీ దళాన్నీ ఎప్పుడూ జంటగానే వాడాలి.

హోదా. ఎస్.పి.ఆర్. అంటే శాపర్, ఇంజినీరింగ్ దళంలో సిపాయి స్థాయి. మిగతావాటిలో తరచూ కనిపించేవి: సెప్. (సిపాయి), ఎన్.కె. (నాయక్), హవ్. (హవల్దారు), జెమ్.ఆర్. (జమేదారు), సుబ్ర్. (సుబేదారు), ఎస్.డబ్ల్యు.ఆర్. (సవారు, అంటే అశ్వికుడు), జి.ఎన్.ఆర్. (గన్నర్), డి.వి.ఆర్. (డ్రైవర్). ఈ డ్రైవర్‌ని ఇప్పటి లారీ డ్రైవర్ అనుకోకండి. మొదటి యుద్ధం నాటి డ్రైవర్లలో ఎక్కువమంది కంచరగాడిదలను, గుర్రపు బండ్లను నడిపినవాళ్లు.

ఫాలోయర్, బేరర్, కుక్, భిస్తీ, లేబరర్ అని కూడా కనిపిస్తుంది. కొన్ని కుటుంబాలు అది చూసి చిన్నబుచ్చుకుని దాన్ని "సిపాయి" అని మార్చి చెప్పుకుంటాయి. దయచేసి అలా చేయకండి. స్ట్రెచర్ మోసిన బేరరూ, కాల్పుల మధ్య నీళ్లు అందించిన భిస్తీ కూడా సిపాయి ఉన్న చోటే ఉన్నారు. వాళ్ల హోదాని దాచడమంటే వాళ్ల పనిని చెరిపేయడమే.

పేరు. సాధారణంగా ఇంటిపేరు ఉండదు. అప్పటి గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాశాడు. వెంకటస్వామిని నాలుగైదు రకాల స్పెల్లింగుల్లో చూడొచ్చు. మద్రాసు సైన్యంలో తమిళ ఉచ్చారణ ప్రభావం ఎక్కువ కాబట్టి "స్వామి" తరచూ "సామి" అయింది. "రాయుడు", "నాయుడు" లాంటి పేర్ల చివర రకరకాల అక్షరాలు వచ్చి చేరాయి. వెతికేటప్పుడు పేరుని ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందే ఒక జాబితా వేసుకోండి.

దళం. మన ఉదాహరణలోది సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్, అంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ శాపర్స్. ఇప్పుడు దాన్ని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ అంటున్నారు. తెలుగువాళ్లు బాగా చేరిన దళాల్లో ఇదొకటి.

దళాల పేర్లలో టెన్షన్ పెట్టేది తరచూ మారిన నంబర్లే. మూడు సంవత్సరాలు గుర్తుంచుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

1903: సైన్యమంతటికీ ఒకే వరుసలో నంబర్లు ఇచ్చారు. మద్రాసు పదాతి దళాల పాత నంబరుకి సాధారణంగా 60 కలిపితే కొత్తది వస్తుంది. ఫస్ట్ మద్రాస్ పయనీర్స్ (పయనీర్లంటే దారులు వేసే, కందకాలు తవ్వే సిపాయిలు) 61వ పయనీర్స్ అయింది. 23వ మద్రాస్ పదాతి దళం 83వ వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫాంట్రీ అయింది. అంచు మీద "మద్రాస్ ఇన్‌ఫాంట్రీ" అని ఉంటే మెడల్ చాలావరకు 1903కి ముందుది. "కర్నాటిక్ ఇన్‌ఫాంట్రీ" అని ఉంటే ఆ తర్వాతది.

1922: మళ్లీ మార్చారు. కర్నాటిక్ దళాలు థర్డ్ మద్రాస్ రెజిమెంట్ కిందికి వచ్చాయి. 1920ల చివరికల్లా ఆ రెజిమెంట్‌నే రద్దు చేశారు. పయనీర్ దళాలు 1933లో పోయాయి.

1941-42: రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకి మద్రాస్ రెజిమెంట్‌ని మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు దాని కేంద్రం నీలగిరుల్లో వెల్లింగ్టన్.

ఉదాహరణకి "1-61" అని గీతతో ఉంటే 61వ దళంలో మొదటి బెటాలియన్ అని అర్థం. "ఐ.ఎస్." అని ఉంటే ఇంపీరియల్ సర్వీస్, అంటే సంస్థానాధీశుల సైన్యం. హైదరాబాద్ లాన్సర్స్ (ఈటెలు పట్టిన అశ్వికదళం) అలాంటిదే. మొదటి యుద్ధంలో జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్స్‌తో కలిసి ఒకే బ్రిగేడ్‌గా ఈజిప్ట్, పాలస్తీనాల్లో పనిచేసింది. ఢిల్లీ తీన్ మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలూ ఈ మూడు సంస్థానాల సైనికులవే.

4. మెడల్ ఏదో గుర్తుపట్టడం

ముందు రాజెవరో చూడండి. విక్టోరియా రాణి ఉంటే 1901 వరకు, ఏడో ఎడ్వర్డ్ 1901-10, ఐదో జార్జ్ 1910-36, ఆరో జార్జ్ ఆ తర్వాత. నాలుగు సింహాల గుర్తు, హిందీ అక్షరాలు ఉంటే చాలావరకు స్వాతంత్ర్యం తర్వాతివి.

మొదటి ప్రపంచ యుద్ధం. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు.

బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, గుండ్రం, 36 మిల్లీమీటర్లు. ఒకవైపు ఐదో జార్జ్, రెండోవైపు గుర్రం మీద బట్టల్లేని యోధుడు. రిబ్బన్ మధ్యలో వెడల్పైన నారింజ పట్టీ, అటూ ఇటూ తెలుపు, నలుపు, నీలం. ఇదే మెడల్ కంచులోనూ ఉంది. లేబర్ కోర్ వంటి సహాయక దళాలవాళ్లకి కంచుది ఇచ్చారు. కాబట్టి మీదగ్గరున్నది కంచుదైతే అది నకిలీ అనుకుని పక్కన పడేయకండి.

విక్టరీ మెడల్ పసుపు ఛాయ ఉన్న కంచు. రెక్కలున్న స్త్రీ బొమ్మ, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బన్. దీని మీద రాజు ఉండడు.

1914-15 స్టార్ కూడా కంచుదే. 1915 చివరిలోపు యుద్ధరంగంలో అడుగుపెట్టినవాళ్లకి ఇచ్చారు. దాదాపు ఇలాగే ఉండే 1914 స్టార్ వేరు. అది 1914 ఆగస్టు 5 నుంచి నవంబరు 22 మధ్య ఫ్రాన్స్, బెల్జియంలో పనిచేసినవాళ్లకి మాత్రమే. మధ్యలో రాసిన సంవత్సరాలను భూతద్దంతో చూసి తేల్చుకోండి.

సరిహద్దు యుద్ధాలు. ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ వెనక కొండల ముందు కోట ఉంటే అది 1908 నాటి రకం. ఆకుపచ్చ రిబ్బన్ మధ్యలో నీలం పట్టీ. దీనికి ప్రాణం క్లాస్ప్, అంటే రిబ్బన్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ. ఆఫ్ఘనిస్తాన్ ఎన్.డబ్ల్యు.ఎఫ్. (వాయవ్య సరిహద్దు) 1919, వజీరిస్తాన్ 1919-21, మలబార్ 1921-22, బర్మా 1930-32 లాంటివి దాని మీద రాసి ఉంటాయి. యుద్ధం ఎక్కడో, ఎప్పుడో మెడల్ తనంతట తానే చెప్పేసే అదృష్టం ఈ రకంలో ఉంది. 1936 నాటి రకం వెనక పులి ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం. స్టార్లన్నీ ఒకే ఆకారంలో, ఆరు మొనలతో ఉంటాయి. పేరు మధ్యలో చుట్టూ రాసి ఉంటుంది: 1939-45 స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్, బర్మా స్టార్. వార్ మెడల్ తెల్లగా ఉంటుంది కానీ భారత సైనికుల దాంట్లో వెండి ఉందని ఆశపడకండి, అది రాగి-నికెల్ మిశ్రమం. వెనక రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం. ఇండియా సర్వీస్ మెడల్ వెనక భారతదేశపు పటం ఉంటుంది.

స్వాతంత్ర్యం తర్వాత. జమ్మూ కాశ్మీర్ క్లాస్ప్‌తో జనరల్ సర్వీస్ మెడల్ 1947, 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. పూర్వీ అంటే తూర్పు వైపు, ఇప్పటి బంగ్లాదేశ్ రంగం. పశ్చిమీ అంటే పాకిస్తాన్ సరిహద్దు. వీటిని గుర్తుపట్టడం తేలిక, పేరు మెడల్ మీదే ఉంటుంది.

5. మెడల్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

వార్ మెడల్ 1939-45 రావడానికి 28 రోజుల పూర్తికాల సర్వీసు చాలు. అది చూపించి "తాత జపాన్ వాళ్లతో పోరాడాడు" అనలేం. ఇండియా సర్వీస్ మెడల్ అయితే దేశంలోపల మూడేళ్లు పనిచేసినందుకు. అదే బర్మా స్టార్ ఉంటే 1941 డిసెంబరు 11 తర్వాత ఆ రంగంలో ఉన్నాడని గట్టిగా చెప్పొచ్చు. కానీ ఏ ఊళ్లో, ఏ పోరులో అన్నది అప్పటికీ తెలియదు. దానికి దళం కావాలి. 1972లో ఇచ్చిన స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ కూడా యుద్ధానిది కాదు, ఆ రోజు సర్వీసులో ఉన్నవాళ్లకి ఇచ్చినది.

లేని మెడల్ కూడా సాక్ష్యం చెబుతుంది. మొదటి యుద్ధంలో విక్టరీ మెడల్ పొందిన ప్రతివాడికీ బ్రిటిష్ వార్ మెడల్ కూడా రావాలి. 1914 లేదా 1914-15 స్టార్ వచ్చినవాడికి ఆ రెండూ రావాలి. మీ ఇంట్లో స్టార్ ఒక్కటే ఉంటే, మిగతా రెండూ ఎవరో బంధువుల ఇంట్లో ఉండొచ్చు, లేదా అవసరానికి వెండిది కరిగిపోయి ఉండొచ్చు. అన్నదమ్ముల పిల్లల్ని, ఆడపడుచుల ఇళ్లనీ ఒకసారి అడగండి.

మెడల్, దళం కలిసినప్పుడు కథ బిగుస్తుంది. 1914-15 స్టార్ మీద 61వ పయనీర్స్ అని ఉందనుకోండి. ఆ దళం 1914 నవంబరు మొదటి వారంలో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవు దగ్గర దిగి జర్మన్ సేనలతో పోరాడింది. దాంతో మీ వెతుకులాట ఫ్రాన్స్ నుంచి ఒక్కసారిగా ఆఫ్రికా తీరానికి మారుతుంది. ఆయన ఆ మొదటి బృందంతోనే వెళ్లాడా, 1915లో చేరుకున్నాడా అన్నది మాత్రం ఇంకా తేలాలి.

6. ఇంట్లో, ఊళ్లో వెతకాల్సినవి

రికార్డు ఆఫీసులకి ఉత్తరం రాసేముందు ఇది పూర్తిచేయండి. చాలామంది దాటేసే మెట్టు ఇదే.

- డిశ్చార్జి బుక్కు లేదా సర్టిఫికెట్. నంబరు, చేరిన తేదీ, వదిలిన తేదీ, మెడల్స్ జాబితా ఒకే చోట దొరికేది ఇక్కడే
- పింఛను కాగితాలు, పి.పి.ఓ. (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, పాత పోస్టాఫీసు లేదా బ్యాంకు పుస్తకం
- మాజీ సైనికుడిగా వచ్చిన భూమి పట్టా. మన దగ్గర "మిలిటరీ భూమి" అని ఇప్పటికీ పిలిచే పొలాలున్నాయి. ఆ కాగితాల్లో దళం పేరు ఉండే అవకాశం ఎక్కువ
- యూనిఫాంలో ఉన్న ఫోటో. టోపీ బ్యాడ్జీని, భుజం మీది అక్షరాలను పెద్దవి చేసి చూడండి
- ఉత్తరాల కవర్లు. లోపల ఉత్తరం లేకపోయినా కవరు మీద ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర ఉంటుంది
- ఊళ్లో పాత శిలాఫలకం. మొదటి యుద్ధం తర్వాత "ఈ గ్రామం నుంచి ఇంతమంది వెళ్లారు" అని చాలా ఊళ్లలో రాయి వేశారు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లవాళ్లకి ఇది కొత్త కాదు. మిగతావాళ్లు పాత బడి, చావడి, తాలూకా ఆఫీసు గోడలు చూడండి

ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటల్ని రికార్డు చేసుకోండి. "బస్రా వెళ్లాడు", "ఒంటెల మీద తిరిగాడు", "కోహిమా" లాంటి ఒక్క మాట చాలు, దారి చూపిస్తుంది. అయితే నోటుపుస్తకంలో "విన్నది", "చూసిన కాగితం" అని రెండు వేరు పేజీలు పెట్టండి. రెండూ కలిస్తే తర్వాత విడదీయలేరు.

7. రికార్డులు ఏ వరుసలో వెతకాలి?

మొదట: కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. యుద్ధకాలంలో చనిపోయినవాళ్ల వివరాలు వీళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలు ఉంటాయి. పేరుతో కాకుండా సర్వీసు నంబరుతో మొదలుపెట్టండి. స్పెల్లింగు గొడవ తప్పుతుంది. కొన్ని ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాశారు. జిల్లా పేరు అప్పటిది, ఇప్పటి జిల్లాల లెక్క కాదు. యుద్ధం నుంచి తిరిగొచ్చి ఇంట్లో ముసలితనంలో పోయిన తాతగారి పేరు ఇక్కడ దొరకదు. దొరకలేదని నిరుత్సాహపడక్కర్లేదు.

తర్వాత: జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. మాజీ సైనికుల, వారి భార్యల వివరాలు అక్కడ నమోదై ఉండొచ్చు. రెండో యుద్ధం, ఆ తర్వాతి సైనికులకి ఇది బాగా పనికొస్తుంది. ఉత్తరం కన్నా స్వయంగా వెళ్లడం మేలు.

తర్వాత: దళం రికార్డ్స్ ఆఫీసు. ఎక్కడ ఏముందో తెలిస్తే సగం పని అయినట్టే:

- మద్రాస్ రెజిమెంట్: వెల్లింగ్టన్
- మద్రాస్ శాపర్స్ (ఎం.ఇ.జి.): బెంగళూరు
- ఆర్మీ సర్వీస్ కోర్: బెంగళూరు
- ఆర్టిలరీ: నాసిక్ రోడ్
- సిగ్నల్స్: జబల్‌పూర్
- ఇ.ఎం.ఇ. (యంత్రాలు, వాహనాల మరమ్మతు దళం), ఆర్డ్‌నెన్స్: సికింద్రాబాద్
- మెడికల్ కోర్: లక్నో

హైదరాబాద్ సంస్థానం సైన్యమైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూడా అడగండి.

తర్వాత: జాతీయ ఆర్కైవ్స్, ఢిల్లీ. వీళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంటి నుంచే వెతకొచ్చు. సిపాయి పేరుతో వెతికితే దాదాపు ఏమీ రాదు. దళం పేరు, యుద్ధరంగం పేరు, సంవత్సరంతో వెతకండి.

చివర: లండన్. 1914కి ముందు మెడల్ అయితే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మెడల్ రోల్స్, అంటే మెడల్ పొందినవాళ్ల జాబితాలు ఉన్నాయి. మొదటి యుద్ధానికి లండన్ శివారు క్యూ (Kew) లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో దళాల యుద్ధ డైరీలు ఉన్నాయి. ఆ డైరీల్లో అధికారుల పేర్లే ఎక్కువ, సిపాయి పేరు అరుదు. అయినా చదవండి. దళం ఏ రోజు ఏ రేవులో దిగిందో, ఎక్కడ వంతెన కట్టిందో అందులోనే తెలుస్తుంది. అక్కడి మెడల్ ఇండెక్స్ కార్డులు ప్రధానంగా బ్రిటిష్ సైనికులవి. మన సిపాయి కార్డు దొరకలేదంటే ఆయనకి మెడల్ రాలేదని కాదు. అలాగే ఈ మధ్య డిజిటల్ చేసిన మొదటి యుద్ధపు రిజిస్టర్లు పంజాబ్‌వి. మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ల కోసం అందులో గంటలు గంటలు వెతకకండి.

8. రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం

ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ, ఒక్క పేజీలో రాయండి. కుటుంబ చరిత్ర మొత్తం రాస్తే అసలు విషయం వెతుక్కోవాల్సి వస్తుంది. ఈ వరుసలో ఉంటే చాలు:

- పై లైన్‌లోనే నంబరు, హోదా, పేరు, దళం (అంచు మీద ఉన్న స్పెల్లింగుతో)
- తండ్రి పేరు, ఊరు, అప్పటి జిల్లా
- చేరిన, వదిలిన సంవత్సరాలు, తెలిసినంత వరకు
- మీకు ఆయన ఏమవుతారు
- సరిగ్గా ఏం కావాలి: సర్వీసు వివరాలా, మెడల్స్ జాబితానా

మరణ ధ్రువపత్రం, బంధుత్వం చూపే కాగితం, డిశ్చార్జి బుక్కు మొదటి పేజీ, అంచు ఫోటోల ప్రింట్లు జతచేయండి. జిరాక్సులే పంపండి. మెడల్‌ని గానీ అసలు కాగితాన్ని గానీ పోస్టులో ఎప్పుడూ పంపకండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. జవాబు రాకపోతే ఆ రసీదు తేదీని చెబుతూ మళ్లీ రాయండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మార్గం

పేరు కలిసింది కదా అని ఆయనే అనుకోవడం. ఒకే దళంలో ముగ్గురు రామస్వాములు ఉండటం మామూలే. నంబరు, దళం, తండ్రి పేరు లేదా ఊరు, ఇందులో కనీసం రెండు కలిస్తేనే ముందుకెళ్లండి.

అసలుదో కాదో చూడకపోవడం. బయట కొన్న మెడల్ అయితే ఇది తప్పనిసరి. పాత పేరు అరగదీసి కొత్త పేరు చెక్కినవి ఉంటాయి. అక్షరాలున్న చోట అంచు పల్చబడి ఉందా, ఆకురాయి గీతలున్నాయా చూడండి. రెండు మూడు వైపుల నుంచి అడ్డకొలత తీయండి. ఒకచోట తగ్గితే అనుమానించాలి.

ఒకే పిన్నుకి ఉన్నవన్నీ ఒక్కరివే అనుకోవడం. తండ్రివీ కొడుకువీ కలిపి కుట్టించిన ఇళ్లున్నాయి. ప్రతి మెడల్ అంచూ విడిగా చదవండి. నంబరు మారితే మనిషి మారాడని వెంటనే తేల్చకండి, దళం మారినప్పుడు నంబరూ మారేది.

విదేశాల్లో కొనేవాళ్లకి పంపడం. వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి రావచ్చు. అలాంటివి సొంతంగా దేశం దాటించడం నేరం. మొదటి యుద్ధం మెడల్స్ ఇప్పటికే ఆ వయసుకి వచ్చాయి.

10. భద్రపరచడం

ప్రతి మెడల్‌నీ విడిగా, ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో గానీ ఆమ్లం లేని కాగితంలో గానీ చుట్టండి. న్యూస్‌పేపరు, రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ వద్దు. వాటిలోంచి వచ్చేవి వెండిని త్వరగా నల్లబరుస్తాయి. మెత్తటి పి.వి.సి. ప్లాస్టిక్ కవర్లు ఇంకా ప్రమాదం, కంచు మీద పచ్చటి జిగురు పడుతుంది. డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలం ముందు మార్చండి. చేత్తో పట్టుకోవాల్సి వస్తే అంచు మీద కాకుండా కొక్కెం దగ్గర పట్టుకోండి.

గోడకి ఫ్రేమ్ కట్టించాలనుకుంటే జిగురుతో అంటించనివ్వకండి. ఎండ పడే గోడ అయితే రిబ్బన్ రంగు వెలిసిపోతుంది. చూసేవాళ్లకి కనిపించేలా ఉంచాలంటే అదే రంగుల కొత్త రిబ్బన్ వేయించి, పాతది పక్కన దాచండి.

11. దొరికినదంతా ఒక పేజీలో

అంచు మీది లైన్ యథాతథంగా పైన రాయండి. కింద తేదీల వారీగా: చేరిన రోజు, దళం కదిలిన చోట్లు, వచ్చిన మెడల్స్, వదిలిన రోజు. ప్రతి లైన్ పక్కన అది ఎక్కడ దొరికిందో రాయండి: డిశ్చార్జి బుక్కా, యుద్ధ డైరీయా, అమ్మమ్మ చెప్పిన మాటా. దళం వెళ్లిందని తెలిసి, ఆయన వెళ్లారో లేదో తెలియని చోట "దళం అక్కడ ఉంది" అని మాత్రమే రాయండి. ఖాళీలను ఖాళీగానే వదలండి. తర్వాత వెతికేవాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో అవే చూపిస్తాయి.

దీన్ని నాలుగు ప్రతులు తీయండి. ఒకటి మెడల్ ఉన్న డబ్బాలో, ఒకటి అన్నదమ్ముల ఇంట్లో, ఒకటి ఊరి బడిలో లేదా గ్రంథాలయంలో, ఒకటి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వండి. ఫోటోలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఫోల్డర్ పేరుగా సైనికుడి నంబరు, దళం పేరు పెట్టండి.